'నిటారుగా కూర్చో' అంటే తగ్గని నడుంనొప్పి: 12 ఏళ్ల అబ్బాయి కేస్ స్టడీ

12 ఏళ్ల అబ్బాయి. ఎత్తు 148 సెంటీమీటర్లు, బరువు 38 కిలోలు. మూడు నెలలుగా నడుముకి కాస్త పైన, వెన్నుకి రెండు పక్కలా నొప్పి. పడలేదు, దెబ్బ తగల్లేదు. గడిచిన ఏడాదిలో 8 సెంటీమీటర్లు పొడుగయ్యాడు. నొప్పి మొదలయ్యాక ఆటలు మానేశాడు.

ఇది ఏ ఒక్క పిల్లవాడి ఫైలూ కాదు. ఇదే తరహా బాధతో ఫిజియోథెరపీకి వచ్చే పిల్లల్లో మళ్లీ మళ్లీ కనిపించే విషయాలను ఒక కేసుగా కూర్చి రాసినది.

తల్లి చెప్పినది, పిల్లవాడు చూపించినది

"ఎప్పుడు చూసినా వంగిపోయే ఉంటాడండీ. నిటారుగా కూర్చోరా అని రోజుకి యాభైసార్లు చెప్తాను. రెండు నిమిషాలు కూర్చుంటాడు, మళ్లీ మామూలే." తల్లి మాట ఇది. ఆవిడ చెప్పిందాంట్లో అబద్ధం లేదు. కానీ నొప్పి గురించి అడగాల్సింది పిల్లవాణ్ణి. అతనితో మాట్లాడేటప్పుడు పెద్దవాళ్లు కాసేపు మధ్యలో మాట అందించకుండా ఉంటేనే అసలు సంగతి బయటపడుతుంది.

"ఎక్కడ నొప్పో ఒక్క వేలితో చూపించు నాన్నా" అని అడిగితే వేలితో చూపలేకపోయాడు. అరచెయ్యి మొత్తం నడుముపైన అడ్డంగా పామి "ఇలా అంతా" అన్నాడు. ఇది చాలా చెబుతుంది. కండరాలు అలిసి వచ్చే నొప్పి ఇలా పరుచుకుని ఉంటుంది. పిల్లవాడు వెన్ను కింది భాగంలో ఒకే చోట, ఎముక మీద వేలు పెట్టి "ఇక్కడే" అంటే, పైగా పరుగులూ గెంతులూ బౌలింగూ ఉన్న ఆటలు ఆడేవాడైతే, వెన్నుపూస వెనక భాగంలో ఒత్తిడి వల్ల వచ్చే సన్నని పగులు, అంటే స్పాండిలోలైసిస్, ఉందేమోనని ముందు అనుమానించాలి.

పొద్దున లేచేసరికి నొప్పి లేదు. బడిలో మూడో పీరియడ్‌కి మొదలవుతుంది. సాయంత్రం హోంవర్క్‌కి కూర్చున్న 20 నిమిషాలకి సున్నా నుంచి పది లెక్కలో ఆరుకి చేరుతుంది. వెల్లకిలా పడుకుంటే పావుగంటలో పోతుంది. నిద్రలో లేపదు. కాళ్లలోకి పాకదు, తిమ్మిర్లు లేవు.

పట్టికలో మూడు పనులు రాసుకుని ఒక్కోదానికి మార్కులు వేయించాం, పది అంటే ఇబ్బంది లేకుండా చెయ్యగలగడం. హోంవర్క్‌కి కూర్చోవడం 3, బ్యాగుతో నడవడం 4, స్నేహితులతో పరిగెత్తి ఆడటం 4. నొప్పి అంకె పిల్లల మూడ్‌ని బట్టి మారుతుంది. చేసే పనుల మార్కులు అంత తేలిగ్గా మారవు, కాబట్టి ప్రగతి చూడటానికి అవే నమ్మదగ్గవి.

భంగిమ జోలికి వెళ్లే ముందు

పిల్లల నడుంనొప్పుల్లో ఎక్కువ శాతం ప్రమాదం లేనివే. అలాగని "పెరిగే వయసు కదా" అని కొట్టిపారేయకూడదు. ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా వ్యాయామాలు పక్కనపెట్టి వెంటనే డాక్టరుకి చూపించాలి: రాత్రి నిద్ర లేపే నొప్పి, పడుకున్నా తగ్గనిది, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, పొద్దున అరగంటకి మించి ఉండే బిగుతు, కాళ్లలో బలహీనత లేదా నడకలో మార్పు, మలమూత్రాల మీద పట్టు తప్పడం, రోజురోజుకీ పెరిగే వంకర. అయిదేళ్లలోపు పిల్లలు నడుంనొప్పి అంటే ఆ వయసే ఒక హెచ్చరిక.

ఈ అబ్బాయికి ఇవేవీ లేవు. చొక్కా విప్పించి వెన్ను మధ్యలో వెంట్రుకల కుచ్చు, లోతైన గుంట, మచ్చలు ఉన్నాయేమో చూశాం, లేవు. రిఫ్లెక్సులు, కాళ్ల బలం, స్పర్శ రెండు వైపులా సమానం. మడమల మీద, మునివేళ్ల మీద నడిచాడు. రెండు కాళ్ల పొడవులో తేడా లేదు.

ముందుకి వంగమని వెనకనుంచి చూసే ఆడమ్స్ పరీక్షలో పక్కటెముకలు ఒకవైపు ఉబ్బెత్తుగా లేవలేదు, వీపు ఒక పక్కకి ఎంత వాలిందో కొలిచే స్కోలియోమీటరు 2 డిగ్రీలే చూపింది. 5 నుంచి 7 డిగ్రీలు దాటితే స్కోలియోసిస్, అంటే వెన్ను పక్కకి వంకర తిరగడం, ఉందేమోనని ఎక్స్‌రేకి పంపాల్సి వచ్చేది.

వీపు పైభాగం గుండ్రంగా ఉంది. తల్లి భయమంతా అదే, "గూని వచ్చేస్తుందేమో" అని. బోర్లా పడుకోబెట్టి, చేతులు వెనక్కి పెట్టించి, ఛాతీ పైకెత్తమన్నాం. గుండ్రం మొత్తం పోయి వీపు చదునైంది. షూయర్మాన్ వ్యాధిలో వెన్నుపూసలే ముందువైపు పలచబడి చీలికలా నొక్కుకుపోతాయి. వరుసగా మూడు పూసల్లో ఒక్కోటి 5 డిగ్రీలు, అంతకుమించి వాలి ఉంటే దాన్ని ఆ వ్యాధిగా గుర్తిస్తారు. ఆ వంపు ఇలా ఎత్తినా పూర్తిగా సర్దుకోదు. ఇతని వంపు పూర్తిగా సర్దుకుంది, అంటే ఎముకలో మార్పు ఉండే అవకాశం తక్కువ. అందుకే ఎక్స్‌రే అడగలేదు. హెచ్చరిక లక్షణాలు లేని పిల్లవాడికి "ఓసారి తీయిద్దాం" అని రేడియేషన్ ఇవ్వడం వల్ల ఒరిగేది లేదు.

కొలతల్లో దొరికినవి ఇవి. వెల్లకిలా పడుకుని తుంటిని 90 డిగ్రీలకి మడిచి మోకాలు చాపితే, పూర్తిగా చాపడానికి కుడివైపు 48, ఎడమవైపు 46 డిగ్రీలు తక్కువ పడింది. తొడ వెనక కండరాలు బాగా బిగిశాయి. తుంటి ముందు కండరాలూ కొంత బిగుతే. బల్ల అంచున బోర్లా పడుకుని నడుం పైభాగాన్ని గాల్లో నిలబెట్టే పరీక్షలో 38 సెకన్లకి వణికి దించేశాడు. ఒక పక్కకి తిరిగి మోచెయ్యి, మోకాళ్ల ఆసరాతో నడుముని పైకెత్తి ఆపే సైడ్ ప్లాంక్ కుడివైపు 22, ఎడమవైపు 18 సెకన్లు. కీళ్ల వదులు చూసే బైటన్ స్కోరు తొమ్మిదికి 3, సమస్య కాదు.

'నిటారుగా' ఎందుకు నిలవదు

వెన్నుని పూర్తిగా వంచి కూర్చున్నప్పుడు వీపు కండరాలు దాదాపు పని మానేస్తాయి. బరువంతా ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్ల మీద, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల వెనక భాగం మీద వేలాడుతుంది. కాసేపు హాయిగానే ఉంటుంది, అందుకే పిల్లలు అలా కూర్చుంటారు. 20, 30 నిమిషాలయ్యేసరికి సాగిన లిగమెంట్లు నొప్పి సంకేతాలు పంపుతాయి.

ఇప్పుడు "నిటారుగా!" అనగానే పిల్లవాడు ఏం చేస్తాడో పక్కనుంచి చూడండి. ఛాతీ ముందుకి పొడుస్తాడు, భుజాలు వెనక్కి లాగుతాడు, నడుం లోపలికి విరుస్తాడు, ఊపిరి బిగబడతాడు. వెన్ను పక్కన చెయ్యి పెడితే కండరం తాడులా గట్టిగా తగులుతుంది. 38 సెకన్లు మాత్రమే ఓర్చుకునే కండరాన్ని గంటసేపు ఆ బిగింపులో ఉండమని అడుగుతున్నాం. రెండు నిమిషాలకి వదిలేశాడంటే మొండితనం కాదది, కండరానికి అంత ఓపిక లేదు.

ఒకే ఒక్క 'సరైన' భంగిమ నొప్పి రాకుండా కాపాడుతుందని చెప్పడానికి గట్టి ఆధారాలు లేవు. ఏ భంగిమలోనైనా కదలకుండా ఎక్కువసేపు ఉండటమే ఎక్కువ ఇబ్బంది. కాబట్టి ఈ కేసులో లక్ష్యం మూడు ముక్కల్లో పెట్టుకున్నాం: కండరానికి ఓర్పు పెంచడం, కుర్చీ బల్ల పిల్లవాడి ఒంటికి సరిపడేలా చెయ్యడం, కూర్చునే సమయాన్ని ముక్కలు చెయ్యడం. తల్లికి ఒక్క నియమం పెట్టాం. "నిటారుగా కూర్చో" అనడం ఆపి, దాని బదులు "ఓసారి లేచి రా నాన్నా" అనాలి.

టేపుతో కుర్చీ దగ్గరికి

ఇంట్లో పెద్దవాళ్ల భోజనాల బల్ల దగ్గరే చదువు. కుర్చీ ఎత్తు 45, లోతు 42, బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు. పిల్లవాడి పాదం నుంచి మోకాలి మడత వరకు 38. పిరుదు వెనక నుంచి మోకాలి మడత వరకు 40. కూర్చున్నప్పుడు సీటు నుంచి మోచెయ్యి ఎత్తు 20.

ఈ అంకెలు పక్కపక్కన పెడితే విషయం తేలిపోతుంది. పాదాలు నేలకి 7 సెంటీమీటర్ల పైన వేలాడుతున్నాయి. సీటు లోతు తొడ పొడవుని మించిపోయింది. వీపు ఆనించి కూర్చుంటే సీటు అంచు పిక్కల పైభాగాన్ని ఒత్తుతుంది, అందుకని ముందుకి జారతాడు, జారితే నడుం వెనక్కి ఒంగుతుంది. మోచెయ్యి నేలకి 65 సెంటీమీటర్ల ఎత్తులో, బల్ల 75లో. రాయాలంటే భుజాలు చెవుల దాకా ఎగదొయ్యాలి, లేదా బల్ల మీద పడుకోవాలి. ఆ కుర్చీలో పెద్దవాళ్లు చెప్పినట్టు కూర్చోవడం ఏ పిల్లవాడికీ సాధ్యం కాదు.

సరిచేసిన పద్ధతి: బల్ల ఎత్తు మార్చలేం కాబట్టి పిల్లవాణ్ణి పైకెత్తాం. సీటు మీద 8 సెంటీమీటర్ల గట్టి దిండు వేస్తే సీటు 53, మోచెయ్యి 73 అయింది, బల్లకి 2 తక్కువ. రాతకి అది సరిపోతుంది. పాదాల కింద 53లోంచి 38 తీసేస్తే 15 సెంటీమీటర్ల పీట. వీపు వెనక 6 సెంటీమీటర్ల మందాన మడిచిన దుప్పటి. మోకాలి వెనక రెండు మూడు వేళ్లు దూరేంత ఖాళీ ఉండాలి, అది కొలత.

ఇక్కడ జరిగిన పొరపాటు చాలా ఇళ్లలో జరిగేదే. మొదట వేసినది మెత్తటి ఫోమ్ దిండు. చేత్తో కొలిస్తే 8 ఉంది, పిల్లవాడు కూర్చోగానే 4కి దిగిపోయింది, పీట మాత్రం 15. మోకాళ్లు తుంటికంటే పైకి వెళ్లి నడుం ఇంకా గుండ్రమైంది. వారం తర్వాత "మార్చాం కానీ ఏం లాభం లేదండీ" అన్నారు. దిండు కొలత పిల్లవాడు కూర్చున్నాకే తీసుకోవాలి. గట్టిగా మడిచిన దుప్పటి దిండు కన్నా నయం.

సమయం విషయానికి వస్తే, 25 నిమిషాలకి టైమరు. మోగగానే లేచి నడుం మీద చేతులు పెట్టుకుని అయిదుసార్లు వెనక్కి వంగాలి, గదిలో రెండు నిమిషాలు తిరగాలి. చదవడం వరకే అయితే బోర్లా పడుకుని మోచేతుల మీద పది నిమిషాలు, నిలబడి పది నిమిషాలు. బడిలో బెంచీ మార్చలేం. పీరియడ్ మారినప్పుడల్లా లేచి నిలబడటానికి అనుమతి ఇమ్మని టీచరుకి ఒక చీటీ రాసిచ్చాం, అంతే.

ఫోను వాడేటప్పుడు ఒళ్లో దిండు పెట్టుకుని మోచేతులు దానిమీద ఆనిస్తే స్క్రీను పైకొస్తుంది, మెడ తక్కువ వంగుతుంది.

బ్యాగు

తూకం వేస్తే 7.2 కిలోలు, ఒంటి బరువులో దాదాపు 19 శాతం. 10 నుంచి 15 శాతం లోపు ఉంచమన్నది సాధారణంగా ఇచ్చే సలహా. బ్యాగు బరువే నడుంనొప్పికి కారణమని పరిశోధనలు తేల్చి చెప్పలేదు, కానీ అలసిన వెన్నుకి అది అదనపు భారమనడంలో సందేహం లేదు. లోపల ఏముందో తీసి చూశాం: పుస్తకాలు 4.6, ఖాళీ బ్యాగు 1.1, నిండు నీళ్ల సీసా 1.2, పెన్నులూ బాక్సూ 0.3. ఆ రోజు టైమ్‌టేబుల్‌లో లేని పుస్తకాలే సగం. అవి తీసి, చిన్న సీసా పెడితే 4.3 కిలోలకి, అంటే 11 శాతానికి దిగింది. బరువైన పుస్తకాలు వీపుకి దగ్గరగా, రెండు పట్టీలూ భుజాలకి, బ్యాగు అడుగు నడుముకి పది సెంటీమీటర్ల కన్నా కిందికి వేలాడకుండా. నేల మీంచి మెలితిరిగి ఎత్తుకోకుండా, బల్ల మీద పెట్టి తగిలించుకోవడం నేర్పాం.

వ్యాయామాలు: పన్నెండు వారాలు

మొత్తం 12 సిట్టింగులు. మొదటి మూడు వారాలు వారానికి రెండు, తర్వాతి మూడు వారాలు ఒక్కోటి, ఆపైన రెండు వారాలకొకటి. మిగతాది ఇంట్లో రోజుకి పది పన్నెండు నిమిషాలు. అంతకు మించి ఇస్తే పిల్లలు చెయ్యరు.

మొదటి రెండు వారాలు కదలిక కోసం. చేతులూ మోకాళ్ల మీద ఉండి పిల్లి ఒళ్లు విరుచుకున్నట్టు వెన్నుని పైకీ కిందికీ మెల్లగా 8 సార్లు. ఆరేడు సెంటీమీటర్ల మందాన చుట్టిన తువ్వాలు భుజం రెక్కల కింది అంచు దగ్గర అడ్డంగా పెట్టుకుని, మోకాళ్లు మడిచి, తలకి చేతులు ఆసరా ఇచ్చి వెల్లకిలా పడుకుని అయిదు ఊపిర్లు; తువ్వాలు కొంచెం పైకి జరిపి మళ్లీ అయిదు. తొడ వెనక కండరాలకి వెల్లకిలా పడుకుని పాదానికి తువ్వాలు తగిలించి కాలు ఎత్తడం, 30 సెకన్లు, ఒక్కో కాలికి మూడుసార్లు. నిలబడి కాలివేళ్లు అందుకోమనకండి. బిగుసుకున్న తొడ సాగదు, ఆ వంపంతా నడుమే భరిస్తుంది.

తుంటి ముందు కండరాలకి ఒక మోకాలు నేలమీద ఆనించి ముందుకి జరగడం. ఇందులో పిల్లలందరూ నడుం విరిచేస్తారు, అప్పుడు సాగేదేమీ ఉండదు. ముందు పిరుదు బిగించమని, ఆ తర్వాతే ఒక్క అంగుళం ముందుకి జరగమని చెప్పాలి.

మూడో వారం నుంచి ఓర్పు పెంచే పని. వెల్లకిలా మోకాళ్లు మడిచి నడుం ఎత్తే బ్రిడ్జ్, 5 సెకన్లు ఆపి 10 సార్లు, రెండు విడతలు. ఇతనికి మొదటి రోజే తొడ వెనక కండరం పట్టేసింది. మడమలు మరీ దూరంగా పెట్టడమే కారణం, పిరుదులు చెయ్యాల్సిన పని తొడ వెనక కండరం మీద పడింది. మడమల్ని పిరుదుల వైపు ఒక జానెడు దగ్గరికి జరిపి, మడమతో నేలని కిందికి నొక్కమంటే పట్టు పోయింది.

బర్డ్ డాగ్ ఈ కేసుకి ఆయువుపట్టు. చేతులూ మోకాళ్ల మీద ఉండి కుడి చెయ్యీ ఎడమ కాలూ, తర్వాత ఎడమ చెయ్యీ కుడి కాలూ చాపి 5 సెకన్లు, ఒక్కో వైపు 6 సార్లు, రెండు విడతలు. పిల్లలు కాలు ఎంత ఎత్తితే అంత గొప్ప అనుకుంటారు. కాలు తుంటి ఎత్తు దాటిందంటే నడుం కిందికి జారి, తుంటి ఒక పక్కకి తిరిగిపోతుంది. మాటల్తో దిద్దితే కుదరదు. సగం నీళ్లున్న సీసాని నడుం కింది భాగంలో అడ్డంగా పడుకోబెట్టాం. లోపలి నీళ్లు ఏ వైపుకి పరిగెత్తితే ఆ వైపు తుంటి దిగినట్టు. మొదటి రోజు మూడుసార్లు సీసా పడింది, నాలుగోసారి అతనే కాలు దించుకుని నీళ్లు కదలకుండా నిలబెట్టాడు. ఆ తర్వాత ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

వీటితోపాటు మోకాళ్ల మీద సైడ్ ప్లాంక్ 10 సెకన్లు మూడుసార్లు, రబ్బరు బ్యాండుతో మోచేతులు వెనక్కి లాగడం 12 చొప్పున రెండు విడతలు.

ఏడో వారం నుంచి ఒంటికాలి బ్రిడ్జ్, పూర్తి సైడ్ ప్లాంక్, గుంజీలు, వీపు మీద కర్ర ఆనించి తుంటి దగ్గర వంగడం. కర్ర తల వెనక, రెక్కల మధ్య, నడుం కింది ఎముక దగ్గర తగులుతూనే ఉండాలి. ఏదైనా ఒకటి వదిలిందంటే వెన్ను వంగినట్టే. ఇది వచ్చాక 3 కిలోల బరువు ఎత్తడం, గెంతులు, పరుగు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి సగటున రోజుకి 60 నిమిషాల చురుకైన కదలిక, వారంలో కనీసం మూడు రోజులు కండరాలూ ఎముకలూ బలపడే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. చికిత్స చివరికి చేరాల్సిన చోటు ఆటస్థలమే.

అయిదో వారం: నొప్పి తిరగబెట్టింది

నాలుగో వారానికి నొప్పి రెండుకి దిగింది. అయిదో వారం పరీక్షలు. వ్యాయామాలు ఆగిపోయాయి. "ఇది వేసుకుంటే వంగకుండా ఉంటాడు" అని ఎవరో చెబితే భుజాల్ని వెనక్కి లాగి పట్టే బెల్టు కొన్నారు. అది కట్టుకుని ఏకబిగిన రెండున్నర గంటలు చదివాడు. నొప్పి మళ్లీ అయిదు, చంకల్లో పట్టీ ఒరుసుకున్న ఎర్రటి చారలు.

పిల్లవాడు బెల్టు మీదకి ఒరిగిపోయి కూర్చుంటాడు, పని అది చేస్తుంది, కండరం చెయ్యదు. పైగా బెల్టు ఉందన్న ధైర్యంతో లేచి తిరగడం మానేస్తారు. బెల్టు తీయించాం. తిట్టలేదు, తల్లిది ప్రేమే. పరీక్షల రోజులకి వేరే చిన్న చీటీ ఇచ్చాం: బ్రిడ్జ్, బర్డ్ డాగ్ మాత్రమే, ఆరు నిమిషాలు, ప్లస్ 25 నిమిషాల టైమరు. వారంలో నొప్పి మళ్లీ రెండుకి వచ్చింది. ఇలాంటి చీటీ మొదటి సిట్టింగులోనే ఇచ్చి ఉండాల్సింది. పరీక్షలు, ప్రయాణాలు, జ్వరాలు ఏ పిల్లవాడికైనా వస్తాయి, ప్రోగ్రాం ఎప్పుడూ అక్కడే తెగుతుంది.

పన్నెండో వారం కొలతలు

హోంవర్క్ దగ్గర నొప్పి 0 నుంచి 1. ఆగకుండా కూర్చోగలిగే సమయం 20 నిమిషాల నుంచి 50కి పెరిగింది, అయినా టైమరు 25కే ఉంచమన్నాం. మూడు పనుల మార్కులు 9, 9, 10. బోర్లా పడుకుని పైభాగం నిలబెట్టే పరీక్షలో 95 సెకన్లు. సైడ్ ప్లాంక్ రెండువైపులా 45. తొడ వెనక బిగుతు 34, 33 డిగ్రీలు.

వీపు గుండ్రం? మామూలుగా నిలబడినప్పుడు కాస్త ఉంది. తల్లి అడిగారు, "ఇంకా వంగే ఉన్నాడు కదండీ?" అని. నొప్పి లేకుండా ఆడుతున్నాడు, కావాలనుకున్నప్పుడు వీపు చదును చెయ్యగలుగుతున్నాడు, వంపు గట్టిపడలేదు. ఈ వయసులో ఆ మాత్రం వంపుకి చికిత్స అక్కర్లేదు. ఆర్నెల్లకోసారి బోర్లా ఎత్తే పరీక్ష, ఆడమ్స్ పరీక్ష చేయిస్తే చాలు. పెరుగుదల జోరుగా ఉన్న ఈ రెండు మూడేళ్లలో స్కోలియోసిస్ కొత్తగా బయటపడే అవకాశం ఉంది కనుక అది మాత్రం మానకూడదు.

ఆరో నెలలో వచ్చేసరికి ఎత్తు 152. మోకాలి మడత ఎత్తు 39, మోచెయ్యి 20.5. ఆడమ్స్ పరీక్షలో 2 డిగ్రీలే. దుప్పటి ఒక మడత విప్పి సీటు 52.5కి దించాం, పీట 15 నుంచి 13.5కి తగ్గింది. కొత్త కొలతలు బల్ల అడుగున పెన్సిల్‌తో రాసుకోమన్నాం, తర్వాతి కొలత తేదీతో సహా.